పుట్టిన బిడ్డకు బ్యాక్టీరియా సోకకుండా కాపాడుకోవడం ఎలా? ప్రాంతాన్ని బట్టి ఏది పాటించాలి, ఏది వదిలేయాలి

బొడ్డుకు మందు రాయాలా, వద్దా? పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. దాని వెంటే ఇంకొన్ని వస్తాయి. అమెరికాలో ఉన్న చెల్లెలికి కాన్పుకు నెల ముందు స్వాబ్ పరీక్ష (దూది పుల్లతో నమూనా తీసి చూసేది) చేశారు, నాకు చేయలేదు, ఎందుకు? నేపాల్‌లో బొడ్డుకు జెల్ రాస్తారట, మా డాక్టరు ఏమీ రాయవద్దన్నారు, ఎవరి మాట వినాలి? ఒక దేశంలో బిడ్డ కళ్లకు మందు వేస్తారు, మరో దేశంలో వేయరు, అసలు ఏది సరైనది?

చాలాసార్లు అందరూ సరిగ్గానే చెబుతుంటారు. క్రిములు అన్ని చోట్లా ఒకటి కావు, కాన్పు జరిగే పరిస్థితులూ ఒకటి కావు. అందుకే నివారణ పద్ధతులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఒక చోటి పద్ధతిలోంచి ఒక ముక్క, మరో చోటి నుంచి ఇంకో ముక్క తెచ్చి కలిపినప్పుడే చిక్కు వస్తుంది. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో, ప్రపంచంలో ఎక్కడున్నా మారనిది ఏదో, అంతా సవ్యంగా ఉందని ఎలా తెలుసుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మందుల మోతాదుల జోలికి పోవడం లేదు. అది బిడ్డను చూసిన డాక్టరు నిర్ణయించవలసిన విషయం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గర్భిణి పరీక్షల కాగితాలన్నీ ఒకే సంచిలో. టీకాల వివరాలు, మూత్ర పరీక్ష, సిఫిలిస్ పరీక్ష, స్వాబ్ పరీక్ష చేయించి ఉంటే దాని ఫలితం
- డిజిటల్ థర్మామీటర్ ఒకటి
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం, లేదా ఫోనులో స్టాప్‌వాచ్
- సబ్బు, పారే నీరు. నీటి వసతి సరిగా లేకపోతే ఆల్కహాల్ ఉన్న చేతుల శానిటైజర్
- ఉతికి ఎండలో ఆరేసిన మెత్తని బట్టలు, బిడ్డకో టోపీ
- రాత్రి వేళ కూడా చంటిబిడ్డలను చేర్చుకునే ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, అక్కడికి వెళ్లే వాహనం ఏర్పాటు

చివరిది లేకుండా మిగతావన్నీ ఉన్నా సరిపోదు. బిడ్డకు ఒంట్లో బాగాలేనప్పుడు ఎక్కడికి వెళ్లాలన్న చర్చతోనే విలువైన గంటలు గడిచిపోతాయి.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. బిడ్డకు బ్యాక్టీరియా రెండు దారుల్లో చేరుతుంది. మొదటి 72 గంటల్లో కనిపించే జబ్బు ఎక్కువగా కాన్పు సమయంలో తల్లి నుంచి వచ్చినది. ఆ తర్వాతది చేతుల నుంచి, గొట్టాల నుంచి, పరిసరాల నుంచి వస్తుంది. అమెరికా, ఐరోపా దేశాల్లో మొదటి రకానికి ప్రధాన కారణాలు గ్రూప్ బి స్ట్రెప్, ఈ కోలై అనే బ్యాక్టీరియాలు. దక్షిణాసియా ఆసుపత్రుల్లో లెక్క వేరు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో జరిపి 2016లో వెలువరించిన అధ్యయనంలో అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ కోలై ముందు వరుసలో నిలిచాయి. వాటిలో చాలావరకు మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగనివి. అందువల్ల ఒక చోట స్వాబ్ పరీక్ష ముఖ్యమైతే, మరో చోట వార్డులో పనిచేసేవారి చేతుల శుభ్రత అంతకంటే ముఖ్యమవుతుంది.

1. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

కాన్పు ఎక్కడ జరగబోతోందో అక్కడి వారిని ఏడో నెలలోనే మూడు ప్రశ్నలు అడగండి. గ్రూప్ బి స్ట్రెప్ పరీక్ష గర్భిణులందరికీ చేస్తారా, లేక అవసరమైన వారికేనా? బొడ్డు సంరక్షణకు మీ పద్ధతి ఏమిటి? పుట్టగానే బిడ్డ కళ్లకు మందు వేస్తారా?

జవాబులను కాగితం మీద రాసుకోండి. ఇకపై బంధువులు, వీడియోలు, వాట్సాప్ సందేశాలు ఏమి చెప్పినా ఈ కాగితంతో సరిచూసుకోండి. తేడా కనిపిస్తే డాక్టరును అడగండి. మీ అంతట మీరు కొత్తది కలపవద్దు.

ఒక దేశంలో పరీక్షలు చేయించుకుని మరో దేశంలో కాన్పుకు వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాత ఆసుపత్రిలో చేసిన పరీక్ష కొత్త ఆసుపత్రికి తెలియదు. కాగితాలు మీరే తీసుకెళ్లి చూపించాలి.

2. గర్భంతో ఉండగానే పూర్తి చేయవలసినవి

ధనుర్వాతం టీకా. ఇంతకు ముందు ఎన్నడూ వేయించుకోకపోతే, లేదా వేయించుకున్నట్టు ఆధారం లేకపోతే రెండు డోసులు కావాలి. రెంటి మధ్య కనీసం 4 వారాల ఎడం ఉండాలి, రెండోది కాన్పుకు కనీసం 2 వారాల ముందు పడాలి. తల్లిలో తయారైన రక్షణ మాయ గుండా బిడ్డకు చేరుతుంది, అందుకే ఆ వ్యవధి. తల్లులకూ నవజాత శిశువులకూ వచ్చే ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలన స్థాయికి తగ్గించిందని 2015లో ధ్రువీకరించారు. అంటే ఇక టీకా అక్కర్లేదని కాదు. ఆ బ్యాక్టీరియా మట్టిలో ఎప్పుడూ ఉంటుంది. టీకా ఆపితే జబ్బు తిరిగొస్తుంది.

కోరింత దగ్గు టీకా. ఇది కొన్ని దేశాల్లో ప్రతి గర్భిణికీ ఇస్తారు. అమెరికాలో 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, బ్రిటన్‌లో 16 వారాల నుంచే మొదలుపెడతారు. బిడ్డకు సొంత టీకాలు మొదలయ్యేలోపు వచ్చే కోరింత దగ్గు చాలా ప్రమాదకరం. మీ దగ్గర ఇది మామూలుగా ఇవ్వకపోతే దొరుకుతుందేమో అడిగి చూడండి.

మూత్ర పరీక్ష. మంట, నొప్పి లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉండవచ్చు. చికిత్స చేయకపోతే అది కిడ్నీలకు పాకే ప్రమాదం ఉంది. నెలలు నిండకుండా కాన్పు కావడానికీ దీనికీ సంబంధం ఉంది.

సిఫిలిస్ పరీక్ష. ఇది లైంగికంగా సోకే జబ్బు కాబట్టి దీన్ని అడగడానికి చాలామంది మొహమాటపడతారు. రక్తంలో ఉందని తేలితే పెన్సిలిన్‌తో తల్లికి చికిత్స చేస్తారు. అది కాన్పుకు కనీసం 30 రోజుల ముందు జరిగితేనే బిడ్డకు సరైన రక్షణ. కాబట్టి ఈ పరీక్ష మొదటి నెలల్లోనే చేయించుకోవాలి.

ఇక తిండి విషయం. కాచని పాలు, వాటితో చేసిన చీజ్ వంటివి ఈ నెలల్లో మానేయండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా వాటి ద్వారా తల్లికి చేరి, మాయను దాటి బిడ్డను తాకుతుంది.

3. గ్రూప్ బి స్ట్రెప్ పరీక్ష: మీ దేశంలో ఎలా ఉంటే అలా

ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో ఐదుగురిలో ఒకరికి అటూ ఇటుగా ఈ బ్యాక్టీరియా పేగుల్లో, జననాంగాల్లో ఉంటుంది. వారికి ఏ బాధా ఉండదు. ఇది లైంగిక వ్యాధి కాదు, అశుభ్రతకు గుర్తూ కాదు. పాజిటివ్ వచ్చిందని తల్లిని తప్పు పట్టేవారి మాటలు పట్టించుకోవద్దు.

అమెరికాలో గర్భిణులందరికీ 36 వారాలు నిండిన దగ్గర నుంచి 37 వారాల 6 రోజుల లోపు స్వాబ్ తీస్తారు. బ్రిటన్‌లో అందరికీ తీయరు. ఈ గర్భంలోనే మూత్రంలోనో స్వాబ్‌లోనో ఆ బ్యాక్టీరియా కనిపించినా, ముందటి బిడ్డకు ఈ జబ్బు వచ్చి ఉన్నా, నెలలు నిండక ముందే నొప్పులు మొదలైనా, కాన్పు సమయంలో జ్వరం వచ్చినా అక్కడ యాంటీబయాటిక్ ఇస్తారు. మీ దేశంలో అందరికీ పరీక్ష చేయకపోతే, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మీకు వర్తించినా డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు ఎక్కువ, కాబట్టి కాస్త ఆగి చదవండి.

స్వాబ్ ముందుగానే, అంటే ఏడో నెలలోనే తీయిస్తే లాభం లేదు. ఈ బ్యాక్టీరియా వస్తూ పోతూ ఉంటుంది. ఫలితం దాదాపు 5 వారాల వరకే పనికొస్తుంది.

స్వాబ్‌ను యోని నుంచీ మలద్వారం నుంచీ కూడా తీయాలి. ఒక్క చోటే తీస్తే ఉన్నదాన్ని లేదని చూపించే అవకాశం ఉంది.

పాజిటివ్ వచ్చిందని ముందే మాత్రలు వాడేసి 'శుభ్రం' చేసుకోవాలనుకోవద్దు. మాత్రలు ఆపాక అది మళ్లీ చేరుతుంది. నొప్పులు మొదలయ్యాక సిరలోకి ఎక్కించే యాంటీబయాటిక్ మాత్రమే పనిచేస్తుంది. అది బిడ్డ పుట్టడానికి కనీసం 4 గంటల ముందు మొదలుకావాలి. మూత్రంలో ఈ బ్యాక్టీరియా వల్ల ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం వెంటనే చికిత్స చేస్తారు, కాన్పు సమయంలో మళ్లీ ఇస్తారు.

నొప్పులు రాకముందే, ఉమ్మనీరు పోకముందే ముందుగా నిర్ణయించుకున్న సిజేరియన్ అయితే ఈ బ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా మందు అక్కర్లేదు.

పెన్సిలిన్ పడదని మీ కాగితాల్లో ఉంటే అప్పట్లో ఏమి జరిగిందో వివరంగా చెప్పండి. కడుపులో తిప్పడం వేరు, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరి ఆడకపోవడం వేరు. ఆ తేడాను బట్టి డాక్టరు ప్రత్యామ్నాయం ఎంచుకుంటారు.

కాన్పు సమయంలో ఇచ్చే మందు మొదటి వారంలో వచ్చే జబ్బును నివారిస్తుంది. తర్వాత వచ్చేదాన్ని ఆపదు. కాబట్టి మందు పడిందన్న ధీమాతో కింద చెప్పబోయే రోజువారీ పరిశీలన మానవద్దు.

4. ఉమ్మనీరు పోయినా, నొప్పులు మొదలైనా

గడియారం చూసి సమయం రాసుకోండి. 'రాత్రి ఎప్పుడో' అంటే డాక్టరుకు ఉపయోగం లేదు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటితే బిడ్డకు ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది, చికిత్స నిర్ణయాలు ఆ లెక్క మీదే జరుగుతాయి. నీటి రంగు, వాసన కూడా చెప్పండి. ఆకుపచ్చగా ఉన్నా, దుర్వాసన వస్తున్నా, మీకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, 37 వారాలు నిండకపోయినా ఆలస్యం లేకుండా బయలుదేరండి.

ఆసుపత్రిలో మిమ్మల్ని చూసే ప్రతి కొత్త వ్యక్తికీ స్వాబ్ ఫలితం మళ్లీ చెప్పండి. షిఫ్టు మారేటప్పుడు సమాచారం జారిపోతుంది. లోపలి పరీక్షలు అవసరమైనన్నిసార్లే చేయమని మర్యాదగా అడిగే హక్కు మీకుంది, ముఖ్యంగా ఉమ్మనీరు పోయాక.

ఈ మధ్య అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి చాలామంది అడుగుతున్నారు. భారత్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, కెన్యా సహా ఏడు దేశాల్లో జరిపి 2023లో ఫలితాలు ప్రచురించిన పరిశోధనలో, నొప్పుల సమయంలో ఒక్క డోసు ఇస్తే తల్లుల్లో సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) తగ్గింది. బిడ్డల్లో తగ్గలేదు. కాబట్టి అది తల్లి రక్షణకు సంబంధించిన నిర్ణయం. బిడ్డ కోసమని ఇంట్లో మింగేది కాదు.

5. కాన్పు జరిగే చోట ఆరు శుభ్రతలు

పెద్ద ఆసుపత్రిలో ఇవి వాటంతట అవే జరుగుతాయని అనుకోవచ్చు. ఇంట్లో గానీ దారిలో గానీ కాన్పు అయ్యే అవకాశం ఉంటే మీరే చూసుకోవాలి: కాన్పు చేసేవారి శుభ్రమైన చేతులు, తల్లి జననాంగాల దగ్గర శుభ్రత, లోపలికి అపరిశుభ్రమైనదేదీ పెట్టకపోవడం, శుభ్రమైన పక్క, బొడ్డు కోయడానికి కొత్త బ్లేడు, కట్టడానికి శుభ్రమైన దారం లేదా క్లిప్పు.

ఇంట్లో ఉన్న కత్తెరను మంట మీద చూపించి వాడటం సరిపోదు. కవరు తెరవని కొత్త బ్లేడు ఒకటి కాన్పు సంచిలో ఉంచుకోండి. బిడ్డ పుట్టాక ఏడుస్తూ బాగా ఊపిరి తీసుకుంటుంటే, బొడ్డు కట్టడానికి కనీసం ఒక నిమిషం ఆగవచ్చు. తొందర అక్కర్లేదు.

6. మొదటి గంట, మొదటి రోజు

బిడ్డను తుడిచి, ఆరబెట్టి, తల్లి గుండె మీద నేరుగా చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టండి. పైన ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. తల్లి చర్మం మీది మామూలు బ్యాక్టీరియా బిడ్డ ఒంటి మీద ముందుగా చేరడం మంచిది. వార్డులోని మొండి క్రిముల కంటే అది వెయ్యి రెట్లు నయం.

మొదటి గంటలోపే ముర్రుపాలు పట్టాలి. చిక్కగా పసుపు రంగులో కొద్దిగానే వస్తాయి, అవే చాలు. బిడ్డ పేగుల గోడలకు అంటుకుని కాపాడే రక్షక పదార్థాలు అందులో ఉంటాయి. అంతకు ముందు తేనె, పంచదార నీళ్లు, మరేదీ నాలుకకు తాకించవద్దు. తేనెలో బొటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. ఏడాది నిండేవరకు తేనె వద్దు, ఒక్క చుక్క కూడా.

స్నానం 24 గంటల తర్వాతే. కుదరకపోతే కనీసం 6 గంటలైనా ఆగండి. ఒంటి మీద తెల్లటి వెన్నలాంటి పూతను రుద్ది తీయవద్దు.

కళ్ల మందు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవజాత శిశువులందరికీ పుట్టగానే కంటి మందు సిఫారసు చేస్తుంది. తల్లి నుంచి సోకే గనేరియా, క్లమీడియా కళ్లను దెబ్బతీయకుండా అది కాపాడుతుంది. అమెరికాలో వేస్తారు. బ్రిటన్‌లో మామూలుగా వేయరు, గర్భిణులకు పరీక్షలు, చికిత్స అందుబాటులో ఉండటం మీద వారు ఆధారపడతారు. మీ ఆసుపత్రి పద్ధతిని అనుసరించండి. వారు వేసినది తప్ప పాలు, నూనె, కాటుక, మరేదీ కళ్లలో పడకూడదు.

బీసీజీ టీకా క్షయ ఎక్కువగా ఉన్న దేశాల్లో పుట్టగానే వేస్తారు, అమెరికాలో మామూలుగా వేయరు. ఒక దేశంలో పుట్టిన బిడ్డను మరో దేశానికి తీసుకెళ్లబోతుంటే పిల్లల డాక్టరుతో ముందే మాట్లాడండి.

7. బొడ్డు: మందు రాయాలా, వద్దా?

ఆసుపత్రిలో, లేదా శుభ్రమైన ఇంట్లో ఉన్న బిడ్డకు ఏమీ రాయవద్దు. పొడిగా, శుభ్రంగా ఉంచితే చాలు. స్పిరిట్ రాస్తే బొడ్డు ఊడటం ఆలస్యమవుతుంది. పౌడరు, పసుపు, బూడిద, నూనె, తల్లిపాలు, ఏదైనా సరే, వద్దు.

మరి నేపాల్‌లో జెల్ ఎందుకు రాస్తారు? అక్కడి సర్లాహీ జిల్లాలో జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. బొడ్డును క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో శుభ్రం చేసిన బిడ్డల్లో మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు తేలింది. ఇళ్లలో కాన్పులు, బొడ్డు మీద రకరకాల పదార్థాలు రాయడం ఎక్కువగా ఉన్న చోటు అది. తర్వాత జాంబియాలోనూ, టాంజానియాలోని పెంబాలోనూ ఇదే పద్ధతిని పరీక్షిస్తే మరణాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ అనుభవాలన్నీ చూశాక, 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇలా ఉంది: సాధారణంగా పొడిగా, శుభ్రంగా ఉంచడం, పేడ వంటి హానికర పదార్థాలు బొడ్డుకు రాసే అలవాటు బలంగా ఉన్న చోట్ల మాత్రం మొదటి వారం రోజూ క్లోర్‌హెక్సిడిన్.

మీ దగ్గర ఆరోగ్య కార్యకర్తలు జెల్ ఇస్తే వారు చూపినట్టే వాడండి. పొట్లం మీద 7.1 శాతం క్లోర్‌హెక్సిడిన్ డైగ్లూకోనేట్ అని ఉండాలి. చేతులు కడుక్కుని, బొడ్డు చివర, మొదలు, చుట్టూ చర్మం తడిసేలా రాయాలి. దీన్ని కళ్ల మందు పక్కన ఎప్పుడూ పెట్టవద్దు. పొరపాటున బిడ్డల కళ్లలో వేయడంతో తీవ్రమైన గాయాలైన ఘటనలు పలు దేశాల్లో జరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. కళ్లలో పడితే వెంటనే ధారగా శుభ్రమైన నీటితో కడిగి ఆసుపత్రికి పరుగెత్తండి.

ఏ పద్ధతి అయినా డైపర్ లేదా లంగోటి అంచును బొడ్డు కిందికి మడవండి. మూత్రంతో తడవకూడదు, గాలి తగలాలి. మలం అంటితే శుభ్రమైన నీటితో కడిగి, మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టండి.

సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి? వెలుతురులో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. బొడ్డు ముక్క మొదట తెల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది, తర్వాత పసుపు గోధుమ రంగులోకి, చివరికి నల్లగా గట్టిపడుతుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఊడుతుంది. ఊడేటప్పుడు రెండు మూడు చుక్కల రక్తం, కొద్దిపాటి జిగురు మామూలే. అసలు చూడవలసింది బొడ్డు చుట్టూ ఉన్న పొట్ట చర్మం. ఎరుపు బొడ్డు మొదలు దాటి పొట్ట మీదికి పాకుతోందా? తాకితే వేడిగా, గట్టిగా ఉందా? అక్కడ తాకితే బిడ్డ ఏడుస్తోందా? చీము, దుర్వాసన ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి. ఎరుపు పాకుతుంటే ఉదయం దాకా ఆగవద్దు. మూడు వారాలు దాటినా ఊడకపోయినా, ఊడిన చోట తడిగా ఎర్రటి బుడిపె మిగిలినా డాక్టరుకు చూపించండి.

వేలాడుతోంది కదా అని లాగడం చాలా ఇళ్లలో జరుగుతుంది. లాగవద్దు.

8. చేతులు, వచ్చిపోయేవారు

బిడ్డను ముట్టుకునే ప్రతివారూ సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు చేతులు కడగాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ. ఉంగరాలు, గాజులు తీసేస్తే మేలు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరాక ముట్టుకోవాలి. కంటికి మురికి కనిపిస్తే శానిటైజర్ పనిచేయదు, సబ్బే కావాలి. డైపర్ మార్చాక, పాలివ్వడానికి ముందు తల్లి కూడా కడుక్కోవాలి.

దగ్గు, జ్వరం, చర్మం మీద చీము పొక్కులు ఉన్నవారు ఎంత దగ్గరివారైనా మొదటి నెల దూరంగా ఉండాలి. తల్లి ఈ మాట చెప్పలేకపోతుంది. ఇంట్లో వేరొకరు, భర్తో అత్తగారో, ఆ బాధ్యత తీసుకుని వాకిట్లోనే చెబితే తల్లికి పెద్ద సాయం చేసినట్టే.

9. పాలు

ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే. నీళ్లు కూడా వద్దు. తల్లికి జ్వరం వచ్చినా చాలా సందర్భాల్లో పాలు ఆపనక్కర్లేదు, డాక్టరును అడిగి కొనసాగించండి.

పొడి పాలు తప్పనిసరి అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. డబ్బా మూత తీయకపోయినా పొడి పూర్తిగా క్రిమిరహితం కాదు. క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అందులో ఉండవచ్చు. అందుకే కాచిన నీరు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలి. నీళ్లు కాగాక అరగంటకు మించి ఆగవద్దు. కలిపాక సీసాను చల్లటి నీటి కింద తిప్పి, మణికట్టు మీద చుక్క వేసి చూసి తాగించండి. కలిపిన పాలు రెండు గంటల్లో వాడకపోతే పారబోయండి. గోరువెచ్చని నీటితో కలపడం అన్నింటికంటే సాధారణమైన పొరపాటు.

10. బరువు తక్కువ పుట్టినా, ఐసీయూలో ఉన్నా

నెలలు నిండని, బరువు తక్కువ ఉన్న బిడ్డకు కంగారూ మదర్ కేర్ అడగండి. తల్లి గుండె మీద నిలువుగా, చర్మానికి చర్మం ఆనించి, రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే రోజంతా. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, బిడ్డ పరిస్థితి కుదుటపడే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయి. సెప్సిస్ కూడా తగ్గింది. మొండి బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇంతకంటే చవకైన, బలమైన ఆయుధం నాకు కనిపించదు.

ఐసీయూలో మీరు అడగదగ్గవి: ఈ గొట్టం ఇవాళ ఇంకా అవసరమా? నా పాలు పిండి ఇవ్వనా? ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకున్నారా? చివరి ప్రశ్న ఇబ్బందిగా అనిపిస్తుంది, అయినా అడగండి.

ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న) చుక్కలు సొంతంగా కొనవద్దు. ఒడిశా పల్లెల్లో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలకు ఒక రకం ఇస్తే సెప్సిస్ తగ్గినట్టు 2017లో తేలిన మాట నిజం. అయితే అది ఒక ప్రత్యేకమైన బ్యాక్టీరియా రకం, ప్రత్యేకమైన బిడ్డలు. నెలలు నిండని బిడ్డలకు ఇలాంటివి ఇవ్వడంలో ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది.

11. రోజూ ఐదు నిమిషాల పరిశీలన

ఒకే సమయంలో, మంచి వెలుతురులో, 28 రోజులు.

ఉష్ణోగ్రత: చంకలో, థర్మామీటర్ మోగేవరకు. 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటాన్ని నమ్మవద్దు. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ అంటే జ్వరం. పసికందుల్లో ఒళ్లు చల్లబడటం కూడా ఇన్ఫెక్షన్‌కు గుర్తే.

శ్వాస: బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, పొట్ట లేచి దిగడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు, పసిబిడ్డ శ్వాస ఒకే లయలో ఉండదు. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారీ అంతే వస్తే ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత కళ్లు, బొడ్డు, మెడ మడతలు, చంకలు, గజ్జలు. చీము పొక్కులు అక్కడే దాక్కుంటాయి.

ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొస్తే ఈ లెక్కలు చూపించండి. భారతదేశంలో ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఇంటి కాన్పు అయితే మొదటి రోజు కూడా. రాకపోతే ఫోను చేసి పిలవండి.

12. ఇవి కనిపిస్తే ఎక్కడున్నా ఒకటే పని: ఆసుపత్రి

- పాలు తాగడం మానేయడం, లేదా బాగా తగ్గించడం
- పిలిచినా కదిలించినా స్పందన తక్కువగా ఉండటం, ఒళ్లు వడలిపోవడం
- మూర్ఛ
- ఊపిరి తీసినప్పుడు డొక్కలు బాగా లోపలికి పోవడం, మూలుగు, వేగమైన శ్వాస
- 38 డిగ్రీలు, ఆ పైన జ్వరం
- 35.5 కంటే తక్కువ ఉష్ణోగ్రత
- బొడ్డు చుట్టూ పాకే ఎరుపు, చీము
- మొదటి 24 గంటల్లోనే కామెర్లు, లేదా అరచేతులు, అరికాళ్లు పసుపు పడటం

ఉష్ణోగ్రత 35.5కూ 36.5కూ మధ్య ఉంటే, బిడ్డ బాగానే పాలు తాగుతుంటే, తల్లి గుండెకు ఆనించి వెచ్చగా ఉంచి గంటలోపు మళ్లీ చూడండి. పెరగకపోతే బయలుదేరండి.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ వేయవద్దు. అది జబ్బును కొన్ని గంటలు దాచిపెట్టి, తర్వాత చేసే రక్త పరీక్షను కూడా తప్పుదారి పట్టిస్తుంది. పెద్దాసుపత్రికి చేరుకోవడం ఏ విధంగానూ సాధ్యం కాని చోట శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు జెంటామైసిన్ ఇంజెక్షన్, అమాక్సిసిలిన్‌తో చికిత్స చేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఆమోదించింది. అది వారి చేతుల మీదుగా జరగాలి.

దారిలో బిడ్డను చర్మానికి చర్మం ఆనించి తీసుకెళ్లండి, తాగగలిగితే పాలు పడుతూ ఉండండి. చేరగానే చెప్పవలసినవి: బిడ్డ వయసు గంటల్లో గానీ రోజుల్లో గానీ, ఎన్ని వారాలకు పుట్టింది, ఉమ్మనీరు పోయిన సమయం, తల్లికి జ్వరం వచ్చిందా, స్వాబ్ ఫలితం, ఏ మందు ఎప్పుడు పడింది, చివరిసారి పాలు ఎప్పుడు తాగింది.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) తీశారా అని అడగండి. దాని కోసం చికిత్స ఆలస్యం చేయవద్దు గానీ, తీయగలిగితే ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అన్నది తేలుతుంది. రెండు రోజుల్లో ఏమీ పెరగక, బిడ్డ కూడా బాగుంటే మందు ఆపవచ్చా అని అడగండి. పెరిగితే నివేదిక నకలు తీసుకుని భద్రపరచండి. అందులో గ్రూప్ బి స్ట్రెప్ అని ఉంటే, మళ్లీ గర్భం వచ్చినప్పుడు మొదటి పరీక్షకే ఆ కాగితం తీసుకెళ్లాలి. అప్పుడు స్వాబ్‌తో పని లేకుండానే కాన్పు సమయంలో యాంటీబయాటిక్ ఇస్తారు.